వందనాలు, చెప్పండి

సికింద్రాబాద్‌లో మా చర్చికి ఒక ప్రార్థన ఫోన్ ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి మందిరాల తలుపులు మూసేశాక, ఇళ్లలో ఒంటరిగా ఉండిపోయిన పెద్దవాళ్ల కోసం మా అయ్యగారు పాత ఫోన్‌లో కొత్త సిమ్ వేసి ఆ నంబరు సంఘమంతటికీ పంపారు. తలుపులు తెరిచాక ఇక దాంతో పనుండదనుకున్నారు. మోగడం ఆగలేదు. సంఘస్థుల నుంచి వాళ్ల చుట్టాలకి, చుట్టాల నుంచి పక్కింటివాళ్లకి నంబరు పాకిపోయింది. ఇప్పుడు సండే స్కూలు గది పైనున్న చిన్న గదిలో సాయంత్రంపూట ఇద్దరిద్దరం వంతులేసుకుని కూర్చుంటాం. ఫోన్ ఎత్తగానే "వందనాలు, చెప్పండి" అంటాం. అంతే, ఇంకేం అనం. ఆ మాత్రం దానికి శిక్షణ ఎందుకని చేరేముందు నేనూ అడిగాను. ఆ శిక్షణ గురించీ, తర్వాత ఫోన్ దగ్గర గడిపిన సాయంత్రాల గురించీ రాస్తున్నాను. ఫోన్ చేసినవాళ్ల పేర్లు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు మార్చేశాను.

నేను బేగంపేటలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ కాల్ సెంటర్‌లో పనిచేస్తాను. "పొద్దంతా ఫోనే, సాయంత్రం కూడా ఫోనేనా" అన్నారు మా ఆయన. బేగంపేటలో మెట్రో ఎక్కితే అదే లైన్లో మెట్టుగూడ, ఇంటికెళ్లే దారే కదా అని సర్దిచెప్పాను. సంఘంలో మాత్రం నేను వస్తానంటే సంబరపడ్డారు. గొంతు బాగుంటుంది, మాట తడబడదు, ఎవరెంత కోప్పడినా "అర్థం చేసుకోగలను సార్" అంటుంది, ఇంతకంటే ఏం కావాలి అని. శిక్షణలో ముందు నాచేత మాన్పించింది సరిగ్గా వాటినే.

నేర్పింది ఇద్దరు. ఒకరు టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో రిటైరైన పెద్దాయన, లాలాగూడలో ఉంటారు. అందరికీ ఆయన టెలిఫోన్ అంకుల్. రెండో ఆవిడ ఒక ఆస్పత్రిలో కౌన్సెలర్, మాకు అక్క.

అక్క నా గొంతు విన్న కాసేపటికే అంది: "నీ మాటల ఒక నవ్వుంది చూడు, అది తీసెయ్." కాల్ సెంటర్‌లో మాకు మొదట నేర్పేది ఆ నవ్వే. పెదవులు కాస్త సాగదీసి మాట్లాడితే గొంతు హుషారుగా పలుకుతుంది, ముఖం కనపడకపోయినా అవతలివాళ్లకి నవ్వు వినపడుతుంది. "భర్త ఐసీయూల ఉన్న మనిషికి నీ నవ్వు ఎట్ల వినపడతదో ఒక్కసారి అనుకో" అంది. అనుకున్నాను. ఆ తర్వాత ఆఫీసులో కూడా కొన్నాళ్లు నవ్వు సరిగా రాలేదు, మా టీమ్ లీడర్ ఒంట్లో బాలేదా అని అడిగింది.

మ్యూట్ బటన్ కూడా అంతే. ఆఫీసులో నిట్టూర్చాలన్నా, పక్కమ్మాయితో ఒక మాట అనాలన్నా మ్యూట్ నొక్కుతాం. ఇక్కడ అది నొక్కకూడదు. నొక్కితే లైన్ చచ్చిపోయినట్టు వినపడుతుంది. మనం మాట్లాడకపోయినా పర్వాలేదు, మన ఊపిరి, గదిలో ఫ్యాను, దూరంగా రైలు కూత వాళ్లకి వినపడుతూ ఉండాలి. మనిషి అక్కడే ఉందని తెలియాలి.

టెలిఫోన్ అంకుల్ నేర్పింది ఒక ఆట రూపంలో. ఒకమ్మాయిని ఫోన్ ఇచ్చి కింద మెట్ల దగ్గర నిలబెట్టారు. ఆమె చీటీలో ఉన్న పేర్లు ఒక్కొక్కటే మామూలుగా చదవాలి, మేం పైన ఫోన్‌లో విని రాసుకోవాలి. శాంతమ్మ, కాంతమ్మ, సత్తెమ్మ, సుశీల, సుజాత. రాసుకున్న కాగితాలు పక్కపక్కన పెడితే నవ్వొచ్చింది. ఒకరికి శాంతమ్మ కాంతమ్మ అయింది, ఇంకొకరికి సుశీల సుజాత అయింది. అప్పుడు చెప్పారు అంకుల్. మామూలు ఫోన్ లైను 300 హెర్ట్జ్ నుంచి 3400 హెర్ట్జ్ దాకానే మోస్తుందట. 'స', 'శ' లాంటి ఊదుడు శబ్దాల బలంలో చాలా భాగం దానికి పైనే ఉంటుంది, అది తెగిపోతుంది. గొంతులోని మంద్ర భాగం కింద తెగిపోతుంది. కొత్త ఫోన్లలో కొంత నయమేగానీ, పల్లె నుంచి సిగ్నల్ సరిగా అందని ఫోన్ వస్తే మళ్లీ పాత కథే. "కాబట్టి పేరు రెండోసారి అడగడానికి మొహమాటపడొద్దు. అవతల ఉన్నది సుశీల, నువ్వు సుజాత కోసం ప్రార్థన చేస్తే దేవుడు సర్దుకుంటాడు, సుశీల సర్దుకోదు."

తర్వాత బైబిలు తీసి యోహాను సువార్త 20వ అధ్యాయం చదివించారు. యేసు సమాధి దగ్గర మగ్దలేనే మరియ ఏడుస్తూ నిలబడి ఉంది. ఎదురుగా యేసు ఉన్నాడు, చూసింది, తోటమాలి అనుకుంది. "అమ్మా, ఎందుకు ఏడ్చుచున్నావు" అని ఆయన అడిగినప్పుడు కూడా పోల్చుకోలేదు. "మరియా" అని పేరు పెట్టి పిలిచాక గుర్తుపట్టింది. ఆ వాక్యం నేను చిన్నప్పటి నుంచి ఈస్టర్‌కి వింటూనే ఉన్నాను. గొంతు వల్ల జరిగిన సంగతిగా ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు ప్రార్థనలో పేరు ఒకసారైనా స్పష్టంగా పలకనిదే ఆమేన్ చెప్పను. పేరు పలకగానే అవతల ఏదో మారుతుంది. కొందరు ముక్కు ఎగపీలుస్తారు, కొందరు "ఆఁ" అంటారు, ఎవరో పిలిచినట్టు.

శిక్షణలో పెద్ద చర్చ ఒకటి జరిగింది. మాతోపాటు చేరిన ఒక తమ్ముడు వేరే సంఘం నుంచి వచ్చాడు. వాళ్ల దగ్గర మాటకి చాలా కట్టుబాటు. జ్వరమొస్తే జ్వరం అనకూడదు, "స్వస్థత పొందాను" అని ప్రకటించాలి. జీతం చాలడం లేదు అనకూడదు, "నాకు లేమి లేదు" అనాలి. ఫోన్ చేసినవాళ్లతో ముందు ఆ మాటలు చెప్పించాలి కదా అన్నాడు. "జీవమరణములు నాలుక వశము" అని బైబిల్లో సామెతలు 18:21 ఎత్తి చూపాడు. కుర్రాడు నిజాయితీపరుడు. వాళ్ల నాన్న తాగుడు మానింది అలాగే అని నమ్ముతాడు.

అక్క ఖండించలేదు. ఈ బోధ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పింది: అమెరికాలో ఇ.డబ్ల్యూ.కెన్యన్ (1867–1948) రాతల్లో మొలిచి, కెన్నెత్ హేగిన్ (1917–2003) బోధల ద్వారా ప్రపంచమంతా పాకింది. దానికి వాళ్లు చూపించే వాక్యాలు బైబిల్లో ఉన్నవే, కొండతో "ఎత్తబడి సముద్రంలో పడు" అంటే జరుగుతుందన్న మార్కు 11:23తో సహా. "ఉన్నయి కాదనను. కానీ కీర్తనలు కూడా బైబిల్లనే ఉన్నయి" అని 88వ కీర్తన తీయించింది. ఆ కీర్తనలో మొర తప్ప ఇంకేమీ లేదు. చివరికి ఏదో ఒక ఆశ కనపడుతుందిలే అని చూస్తే, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. "ఇది అనకూడని మాటైతే దీన్ని దేవుని పుస్తకంల ఎందుకు ఉంచిన్రు? సిలువ మీద ప్రభువు 'నన్నెందుకు చెయ్యి విడిచితివి' అన్నడు. ఆయనకి విశ్వాసం తక్కువైందా?" తమ్ముడు జవాబు చెప్పలేదు, ఒప్పుకోనూ లేదు. కానీ మానకుండా ఇప్పటికీ వస్తున్నాడు, బుధవారాలు అతనివే.

ఇక్కడ నాకు తోచింది ఒకటి చెప్తాను. ఆ బోధ మన దగ్గర అంత తేలిగ్గా నాటుకుపోవడానికి కారణం అమెరికాలో లేదు, మన ఇళ్లలోనే ఉంది. మా అమ్మమ్మ బాప్తిస్మం తీసుకుని దశాబ్దాలైనా దీపాలవేళ చెడ్డమాట అంటే నోరు మూసేది. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, తథాస్తు అంటే జరిగిపోతుంది అని. పేరు మారింది, భయం అలాగే వచ్చి మన ప్రార్థనల్లో కూర్చుంది. ఫోన్ దగ్గర నేను చూసిన బాధల్లో సగం ఈ భయం వేసిన ముళ్లే.

ఫోన్ సొంతంగా ఎత్తనిచ్చే ముందు పాతవాళ్ల పక్కన కూర్చోబెడతారు. ఒకే ఫోన్‌కి రెండు ఇయర్‌ఫోన్లు. మనం వినాలి, నోరెత్తకూడదు. అలా నేను అక్క పక్కన కూర్చున్న ఒక సాయంత్రం ఒకామె చేసింది. కొడుక్కి డెంగీ, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, ఆస్పత్రి వరండాలోంచి మాట్లాడుతోంది. వెనక స్ట్రెచర్ చక్రాల చప్పుడు. ప్రార్థన చేయమంటుందనుకున్నాను. ఆమె అడిగింది వేరు. "అక్కా, పోయిన వారం వాడు సెల్లు ఇయ్యలేదని గిన్నె విసిరేస్తే, కోపంల 'నువ్వు చస్తే నాకు పీడ పోతది' అన్న. ఆ మాట తగిలిందా అక్కా?"

అక్క వెంటనే మాట్లాడలేదు. ఆఫీసులో అంత సేపు మౌనంగా ఉంటే నాకు మార్కులు కోసేస్తారు. తర్వాత నెమ్మదిగా అంది: "ఆ మాట బాబుకి తగల్లేదమ్మా. నీకు తగిలింది." అవతల ఏడుపు. ఏడ్వనిచ్చింది. ఆపైన సామెతలు 26:2 చెప్పింది: ఎగిరే పిచ్చుక వాలనట్టు, కారణం లేని శాపం వాలదు. దోమ కుడితే వచ్చే జ్వరం ఇది, తల్లి నోటి నుంచి వచ్చింది కాదు. డాక్టరు ఏమన్నాడు, రక్తం ఎక్కించాలన్నాడా, తోడు ఎవరున్నారు, నువ్వు అన్నం తిన్నావా అని అడిగింది. "బాబు కండ్లు తెరిస్తే 'ఆ రోజు అట్ల అన్నందుకు మన్నించు బిడ్డా' అని నీ నోటితో చెప్పు. నాతోని చెప్తే సాలదు." ప్రార్థన రెండు నిమిషాలు కూడా లేదు. ఆఖరున, "ఇప్పుడు ఒక్క మాట నువ్వు చెప్పు ప్రభువుకి" అంది. ఆమె "ప్రభువా, నా బిడ్డ" అంది. ఇంకేం రాలేదు. అక్క ఆమేన్ అంది.

ఫోన్ పెట్టేశాక అక్కని అడిగాను. మాటకి శక్తి లేదని చెప్పేస్తే ఆమెకి ఇంకా తేలికయ్యేది కదా అని. "ఎట్ల చెప్త? లేకపోతే ఆమె వారం నుంచి ఎందుకు కాలుతుంది? వాడికి ఆ మాట యాదిలో ఉండదంటవా?" అంది. బైబిల్లో యాకోబు పత్రిక మూడో అధ్యాయం నాలుకని నిప్పు అంటుంది, ఒక్క నోటి నుంచే ఆశీర్వాదం, శాపం రెండూ వస్తాయంటుంది. అది నిజం. ఆ నిప్పు మనుషుల్ని కాలుస్తుంది, రక్తకణాల్ని లెక్కపెట్టి తగ్గించదు. ఈ రెండింటి మధ్య తేడా చెప్పగలిగితే చాలు, మా ఫోన్‌కి వచ్చే తల్లుల్లో చాలామంది ఆ రాత్రి నిద్రపోతారు.

గోడ మీద కొన్ని నియమాలు రాసి ఉంటాయి. మందులు ఆపమని ఎప్పుడూ చెప్పకూడదు. జరిగి తీరుతుందని మాటివ్వకూడదు. డబ్బు ప్రసక్తి రాకూడదు, కానుక పంపుతామన్నా నంబరు ఇవ్వం. అక్క ఎర్ర స్కెచ్ పెన్‌తో రాసింది మాత్రం ఒకటే: 'మీకు విశ్వాసం చాలలేదు' అన్న మాట ఈ గదిలో ఎవరి నోటా రాకూడదు.

చనిపోవాలని ఉందని చెప్పేవాళ్ల కోసం వేరే పాఠం పెట్టారు. అక్కడ ప్రార్థన తర్వాతి సంగతి. మనిషిని లైన్లో ఉంచాలి, ఒక్కరే ఉన్నారా, దగ్గర్లో ఏముంది అని సూటిగా అడగాలి, పక్కన కూర్చున్న రెండోమనిషి ఇంకో ఫోన్‌లో సాయం కోసం ప్రయత్నించాలి. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 బల్ల మీద అంటించి ఉంటుంది. తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు. అక్క ఆ రోజు చాడ్ వరా కథ చెప్పింది. లండన్‌లో ఆంగ్లికన్ పాదిరి. 1953లో తన చర్చిలోనే ఒక ఫోన్ పెట్టి, చావాలనుకునేవాళ్లు నాకు ఫోన్ చేయండి అని ప్రకటించాడు. జనం వరస కట్టారు. ఆయన కోసం ఎదురుచూసేవాళ్లకి టీ ఇచ్చి పక్కన కూర్చోవడానికి కొందరు మామూలు మనుషులు వచ్చేవారు. కొన్నాళ్లకి ఆయన గమనించింది ఏమిటంటే, చాలామంది ఆ టీ ఇచ్చినవాళ్లతోనే మనసు విప్పి మాట్లాడి, పాదిరిని చూడకుండానే తేలికపడి వెళ్లిపోతున్నారు. సమరిటన్స్ సంస్థ అక్కడ పుట్టింది. ఆ కథ విన్నాక మాలో బాగా ప్రార్థించగలం అనుకునేవాళ్లం కాస్త తగ్గాం.

సొంతంగా ఫోన్ ఎత్తడం మొదలుపెట్టాక తెలిసింది, జనం ఎన్నిటికి ఫోన్ చేస్తారో. వీసా స్టాంపింగు. గ్రూప్స్ పరీక్ష. పిల్లలు పుట్టకపోవడం. బోర్‌లో నీళ్లు పడాలని. అల్లుడు తాగుతున్నాడని. పాతబస్తీ నుంచి ఒక ఆపా అప్పుడప్పుడు చేస్తుంది, "జర మా అమ్మీకోసం దువా చేయి మేడమ్" అంటుంది, సగం ఉర్దూ, సగం తెలుగు. మతం మేం అడగం. ఆమెకి నా ప్రార్థన హిందీలో చెయ్యాలి, నా హిందీ విని పక్కవాళ్లు నవ్వాపుకుంటారు. ఆపా మాత్రం చివర్లో ఆమీన్ అని గట్టిగా అంటుంది.

కరీంనగర్ వైపు తాతయ్య ఒకాయన ఉన్నాడు. చూపు ఆనదు. ప్రార్థన కూడా అక్కర్లేదు ఆయనకి. "బిడ్డా, ఇర్వైమూడు సదువు" అంటాడు. ఇరవైమూడో కీర్తన. భార్య ఉన్నప్పుడు రోజూ ఆమె చదివేదట. మొదట్లో నేను వాడుక భాషలో కొత్తగా వచ్చిన అనువాదం చదివాను, సులువుగా అర్థమవుతుందని. ఒక్క వాక్యం విని ఆపేశాడు. "అది గాదు. పాతది." పాతది చదివితే ఆయనే ముందుకి పోతాడు. "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను" అని నేను అందుకునేలోపే "ఏ అపాయమునకు భయపడను" అనేస్తాడు. బడిమొహం చూడని మనిషి, ఆ గ్రాంథికం ఆయన నోట్లో బెల్లంముక్కలా కరుగుతుంది. అది ఆయనకి చదువు వల్ల రాలేదు, చెవి వల్ల వచ్చింది. "వినుట వలన విశ్వాసము కలుగును" అని పౌలు రోమా సంఘానికి రాశాడు. తాతయ్యతో మాట్లాడాక ఆ వాక్యానికి ఇంకా వేరే వ్యాఖ్యానం చదవబుద్ధి కాలేదు.

గట్టిగా ప్రార్థిస్తేనే శక్తి అన్నది హైదరాబాద్‌లో పెరిగిన విశ్వాసులందరికీ రక్తంలో ఉంది. ఉపవాస కూటమంటే మైకు, మైకంటే ఎకో. నాకు అదంటే చిన్నచూపు లేదు. మా అమ్మవాళ్లది గోల్కొండ క్రాస్‌రోడ్స్ హెబ్రోను, బక్త్‌సింగ్‌గారు (1903–2000) నడిపిన సంఘం. అక్కడ ఆదివారం ఆరాధనలో ఒకరి తర్వాత ఒకరు ఎవరూ పిలవకుండానే లేచి నోరారా స్తుతిస్తుంటే గంటలు తెలియకుండా పోయేవి. అందరి మధ్యా అలా నోరు తెరిచే ధైర్యం నాకు అక్కడే అబ్బింది. కానీ ఫోన్‌లో గొంతు పెంచితే లైన్ పగిలి, మాట పోయి గోల మిగులుతుంది. బైబిల్లో కర్మెలు కొండ మీద బయలు అనే దేవుడి ప్రవక్తలు పొద్దుటి నుంచి కేకలేస్తుంటే, "మీ దేవుడు నిద్రపోతున్నాడేమో, ఇంకా గట్టిగా పిలవండి" అని యెహోవా ప్రవక్త ఏలీయా ఎగతాళి చేశాడు. ఆ ఏలీయాకే తర్వాతి అధ్యాయంలో దేవుడు గాలిలో, భూకంపంలో, మంటలో కాక మిక్కిలి నిమ్మళమైన స్వరంలో వినపడ్డాడు. ఫోన్ దగ్గర కూర్చున్నప్పుడు నాకు అండ ఆ అధ్యాయమే. ఇంకొకటి శతాధిపతి, రోమా సైన్యంలో ఒక అధికారి. తన ఇంటికి యేసు రానక్కర్లేదు, "నీవు మాటమాత్రము సెలవిమ్ము" అన్నాడు, దూరాన పడుకున్న పనివాడు బాగయ్యాడు. మా టెలిఫోన్ అంకుల్ దాన్ని మొదటి ట్రంకు కాల్ అంటారు.

మా దగ్గర ప్రతి ఫోన్ చివరా జరిగేది ఒకటుంది, అక్క చేసిందే: "ఇప్పుడు ఒక్క మాట మీరు చెప్పండి." ఈ నియమం నాకు మొదట్లో నచ్చలేదు. సాయం అడిగి వచ్చినవాళ్ల మీద పని పెట్టడమేమిటి అనిపించింది. పైగా ఎక్కువమంది, "మాకు ప్రార్థన రాదు మేడమ్, మీరే చెయ్యండి" అంటారు. రాదంటే వాళ్ల ఉద్దేశం, అయ్యగారిలా "పరిశుద్ధుడవైన తండ్రీ" అని మొదలుపెట్టి గుక్క తిప్పకుండా సాగడం రాదని. కొందరికి పరలోక ప్రార్థన వస్తుంది, అది కలిసి చెప్తాం. యేసు దాన్ని నేర్పింది ఎక్కువ మాటలు వద్దని హెచ్చరించిన వెంటనే, మత్తయి ఆరో అధ్యాయంలో. కొందరు ఏమీ అనలేరు. అప్పుడు బిడ్డ కోసం మందిరంలో ప్రార్థించిన హన్నాని తలుచుకుంటాం, పెదవులు కదిలాయిగానీ గొంతు వినపడలేదు, యాజకుడు ఏలీ తాగి ఉందనుకున్నాడు, దేవుడు పొరబడలేదు. వాళ్లని బలవంతపెట్టం.

కానీ నోరు తెరిచినవాళ్ల దగ్గర చూసిందే నన్ను ఈ పనిలో కట్టిపడేసింది. ఒక కుర్రాడు, పెళ్లయి రెండేళ్లు, డెలివరీ పని. చాలాసేపు ఏవేవో చెప్పాడు. నిద్ర పట్టడం లేదు, ఇంట్లో శాంతి లేదు, ఎవరో ఏదో చేయించారేమో. నేను ప్రార్థించాను. ఆఖరున, ఒక్క మాట నువ్వు చెప్పు తమ్ముడూ అన్నాను. బండి పక్కన ఆపినట్టున్నాడు, హారన్లు దూరమయ్యాయి. "ప్రభువా..." అని ఆగాడు. మళ్లీ "ప్రభువా" అన్నాడు. "నాకు నాలుగు లక్షల అప్పుంది ప్రభువా. యాప్‌లల్ల తీస్కున్న. అనితకి తెల్వదు." అనిత అన్నది అసలు పేరు కాదు. అంతసేపు నాతో మాట్లాడిన దాంట్లో అప్పు అన్న మాటే రాలేదు. "మేడమ్, గీ మాట ఇంతవరకు బయటికి అనలే నేను" అన్నాడు. మనసులో మాత్రం రోజుకి వందసార్లు అనుకునే ఉంటాడు. మనసులో అనుకున్నప్పుడు అది అతన్ని తింది, నోటితో అన్నాక అది ఒక అంకె అయింది, దాన్ని ఇంకొకరికి చెప్పొచ్చు. ఇదే వాక్యం ఈ రాత్రి ఇంట్లో చెప్పగలవా అన్నాను. చూస్తానన్నాడు. బెదిరింపు ఫోన్లు వస్తుంటే 1930కి సైబర్ ఫిర్యాదు చేయొచ్చని చెప్పాను. చెప్పాడో లేదో నాకు తెలియదు. మళ్లీ చేయలేదు. మా పనిలో ముక్కాలు భాగం కథలకి చివరి పేజీ ఉండదు, దానికి అలవాటు పడాలి.

"మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు రాసింది ఎందుకో నాకు ఆ హారన్ల మధ్య అర్థమైంది. దేవుడికి తెలియక కాదు. మన గొంతు మన చెవిన పడాలి. నేను ఎంత చక్కగా ప్రార్థించినా ఆ నాలుగు లక్షలు నా ప్రార్థనలోకి వచ్చేవి కావు.

అన్నీ ఇలా ఉండవు. భర్త కోసం ప్రార్థన చేయించుకున్న ఒకామె, ఆయన పోయాక ఫోన్ చేసింది. వందనాలు అన్నాను. "ఏం వందనాలు? మీరు అందరూ ప్రార్థన చేసిన్రు కదా. నేను ఒక్క అపనమ్మకం మాట కూడా అనలే. డాక్టర్ చెయ్యి ఎత్తేసినా బాగైతడనే అన్న. ఆయనకి నేను పోయిరా అని కూడా చెప్పలే, అట్లంటే పోతడని." ఆ చివరి మాట విన్నాక నా దగ్గర ఏమీ లేదు. అన్నీ పోగొట్టుకున్న యోబుని ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని నోరెత్తలేదు, అంతవరకూ బాగానే ఉంది, నోరెత్తాకే చెడింది అని శిక్షణలో విన్నది గుర్తొచ్చి ఊరుకున్నాను. ఆమె తిట్టింది. నన్ను, సంఘాన్ని, దేవుణ్ణి. మ్యూట్ నొక్కలేదు. అలసిపోయాక, "ఏమన్నా సదువు" అంది. ఎనభై ఎనిమిదో కీర్తన చదివాను. చీకటియే నాకు బంధువర్గమాయెను దగ్గర ఆగాను, ఎందుకంటే అది అక్కడే ఆగుతుంది. "ఇది బైబిల్ల ఉందా?" అంది. ఉందమ్మా అన్నాను. "మల్లొకసారి సదువు."

భర్తకి చెప్పలేకపోయిన మాట ఆమె చేత చెప్పించొచ్చా అని అక్కని అడిగాను తర్వాత. తొందరపడకు అంది. చాలా రోజులకి, వేరే ఎవరి వంతులోనో, ఆమే చెప్పిందట. ఎవరూ అడగలేదు. నోటి మాట మీద భయం పెట్టిన బోధకులు ఎవరైనా ఈ ఒక్క ఫోన్ విని ఉంటే బాగుండునని నాకు ఇప్పటికీ కోపంగానే ఉంటుంది.

ఈ మధ్య మాలో మేమే తగువు పడుతున్నాం. వాట్సాప్‌లో మెసేజీలు ఎక్కువయ్యాయి, "ప్లీజ్ ప్రే" అని రెండు ముక్కలు, చేతులు జోడించిన బొమ్మ. ఫోన్ చేసేవాళ్లకంటే వీళ్లే ఎక్కువ. ఒక మంచి గొంతుతో ప్రార్థన రికార్డు చేసి పెట్టుకుంటే అందరికీ పంపొచ్చు కదా, వెనక కాస్త మ్యూజిక్ కూడా అని కుర్రవాళ్లు అన్నారు. మంచి గొంతు అంటూ అందరూ నావైపే చూశారు. నేను ఒప్పుకోలేదు. మెసేజ్ పెట్టినవాళ్లకి మనమే ఫోన్ చెయ్యాలి, ఎత్తకపోతే వాళ్ల పేరుతో అప్పటికప్పుడు ఒక వాయిస్ నోట్ పెట్టాలి, అందులో దగ్గు వచ్చినా సరే అన్నాను. సిబ్బంది చాలరు అన్నారు. చాలరు, నిజమే. అంకుల్ నావైపు, తమ్ముడు ఆశ్చర్యంగా నావైపే. అక్క రెండువైపులా విని, మూడు నెలలు చూద్దాం అంది. రికార్డింగు ఆలోచన మాత్రం గ్రూపులో ఇంకా తిరుగుతూనే ఉంది, నిన్న ఎవరో మ్యూజిక్ ముక్కలు కూడా పెట్టారు.